ముందు అడ్రసు, ఆ తర్వాతే ఇల్లు: బెర్లిన్ వెళ్లే మన నెల్లూరు పిల్లలకు

బెర్లిన్‌లో దిగేలోపే మంచి ఇల్లు కుదిరిపోవాలని పట్టుబట్టకండి. మొదటి రెండు మూడు నెలలకి గవర్నమెంటు రికార్డులో రాయించుకోవడానికి పనికొచ్చే అడ్రసు ఒకటి దొరికితే చాలు. గది చిన్నదైనా, కాలేజీకి దూరమైనా సర్దుకుపోవచ్చు. మనసుకు నచ్చిన ఇల్లు ఆ తర్వాత, చేతిలో కాగితాలు పడ్డాక నిదానంగా వెతుక్కోవాలి. ఈ వరస తప్పినవాళ్లే డబ్బు పోగొట్టుకోవడం, కళ్లనీళ్లు పెట్టుకోవడం ఎక్కువగా చూశాను.

నాది నెల్లూరు, దర్గామిట్ట. చాలా ఏళ్లు బెర్లిన్‌లో ఉద్యోగం చేసి, అమ్మానాన్నల దగ్గర ఉండాలని తిరిగొచ్చేశాను. అడ్మిషన్లు వచ్చే రోజుల్లో కావలి నుంచి, ఆత్మకూరు నుంచి, బుచ్చి నుంచి పిల్లలు, వాళ్లతో పాటు తల్లిదండ్రులు మా ఇంటికి వస్తుంటారు. మొన్న మూలాపేట నుంచి వచ్చిన ఒకావిడ, "వాడు ఆడికి పొయ్యేలోపలే ఇల్లు చూసి పెట్టుకుంటే మాకు నిమ్మళం గదమ్మా, ఆ అడ్వాన్సేదో ఇప్పుడే కట్టేస్తాం" అంది. ఆ తల్లి బెంగ నాకు తెలుసు. మన ఊళ్లో ఇల్లు కావాలంటే పొగతోటలోనో మాగుంట లేఅవుట్‌లోనో టు-లెట్ బోర్డు చూసుకుంటాం, ఓనరుతో మాట్లాడతాం, అడ్వాన్సు చేతిలో పెడతాం, మంచిరోజు చూసి పాలు పొంగిస్తాం. బెర్లిన్‌లో ఆ బోర్డులే ఉండవు. ఒక ఇల్లు ఖాళీ అయిందని ఇంటర్నెట్‌లో పెడితే గంటలోపే వందల అప్లికేషన్లు పడుతుంటాయి. అందులో ఎవరికివ్వాలో ఓనరు జీతం కాగితాలు చూసి తేల్చుకుంటాడు. నెల్లూరులో కూర్చుని, మొహం కూడా చూపించకుండా అడిగేవాళ్ల దాకా ఆ వరస రాదు. వచ్చిందీ అంటే అనుమానించాలి.

అడ్రసు దేనికంత ముఖ్యం

జర్మనీలో ఏ ఇంట్లోకి మారినా రెండు వారాల్లోపు ఆ అడ్రసు నమోదు చేయించుకోవాలని చట్టం. ఆ నమోదుని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అది జరిగే ఆఫీసు బ్యుర్గర్‌ఆమ్ట్. ఫీజు ఏమీ లేదు. నమోదయ్యాక ఇచ్చే కాగితం చేతిలో ఉంటేనే మిగతా పనులన్నీ కదులుతాయి. ట్యాక్స్ నంబరు ఆ అడ్రసుకే పోస్టులో వస్తుంది. అది ఇవ్వకపోతే పార్ట్‌టైం జీతంలో కూడా పన్ను ఎక్కువ కోసేస్తారు. చాలా బ్యాంకులు ఆ కాగితం చూపిస్తేగానీ ఖాతా తెరవవు. ఖాతా లేకపోతే బ్లాక్డ్ అకౌంటులో (ఏడాది ఖర్చు ముందే కట్టి, నెలకింత చొప్పున తీసుకునే ఖాతా అది) మీరు కట్టిన డబ్బు నెలనెలా చేతికి రాదు. వీసా గడువు తీరేలోపు రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయాలన్నా ముందు ఈ నమోదు ఉండాలి.

నమోదుకి పాస్‌పోర్టు, ఫారంతో పాటు ఓనరు సంతకం చేసిన ఒక పేజీ కాగితం అడుగుతారు. ఫలానా మనిషి ఫలానా తేదీన మా ఇంట్లో దిగాడు అని అందులో ఉంటుంది. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. నోరు తిరగకపోతే ఫోన్లో రాసిపెట్టుకుని చూపించండి. అద్దె అగ్రిమెంటు ఒక్కటే పట్టుకెళ్తే కుదరదంటారు. అందుకే ఏ గది గురించి ఎవరితో మాట్లాడినా, అద్దె ఎంత అనే కంటే ముందు ఇది అడగండి: ఆన్‌మెల్డుంగ్‌కి ఒప్పుకుంటారా, ఆ కాగితం మీద సంతకం పెడతారా? లేదంటే, గది ఎంత బాగున్నా, ఎంత చవకైనా వదిలేయండి. హోటళ్లలో, నాలుగు రోజుల అద్దె గదుల్లో మామూలుగా ఇది కుదరదు.

"మా అన్న ఫ్రెండు ఇంటి అడ్రసు ఇచ్చేస్తాలే అక్కా, ఉండేది ఇంకో చోట" అని కొందరు పిల్లలు అంటుంటారు. అలా చేయించుకోవడమూ తప్పే, రాసివ్వడమూ తప్పే, జరిమానా పడుతుంది. పైగా మీకొచ్చే ఉత్తరాలన్నీ మీరు లేని ఇంటికి పోతాయి.

బ్యుర్గర్‌ఆమ్ట్‌లో అపాయింట్‌మెంటు దొరకడం కష్టం. అయితే బెర్లిన్ మొత్తంలో ఏ ఆఫీసుకైనా వెళ్లొచ్చు, మీ పేటలోదే కానక్కర్లేదు. పొద్దున్నే వెబ్‌సైటు తెరిచి చూస్తుంటే ఎవరో రద్దు చేసుకున్న టైము కనపడుతుంది, వెంటనే పట్టుకోవాలి. 115 అనే నంబరుకి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. రెండు వారాల్లోపు తేదీ దొరక్కపోతే కంగారు పడకండి. అపాయింట్‌మెంటు బుక్ చేసిన మెయిల్ దాచుకోండి. గడువులోపు ప్రయత్నించారనడానికి అదే రుజువు.

నెల్లూరులో ఉండగానే

అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్‌కి అప్లై చేయండి. బెర్లిన్‌లో వాటిని చూసే సంస్థ స్టుడీరెండెన్‌వెర్క్. వెయిటింగ్ లిస్టు పొడవుగా ఉంటుంది, సెమిస్టర్ మొదలయ్యేసరికి రాకపోవచ్చు. అయినా వరసలో పేరుంటే చలికాలంలోనో ఎండాకాలంలోనో పిలుపు వస్తుంది. వీసా వచ్చాక చూద్దాంలే అనుకుంటే వరసలో అంత వెనక్కి పోతారు.

మొదటి మూడు నెలలకి మూడు దారులున్నాయి. ఎవరైనా సెలవులకి ఊరెళ్తూ తన గది తాత్కాలికంగా అద్దెకివ్వడం ఒకటి. వేగే అని నలుగురు కలిసుండే ఇంట్లో ఒక గది తీసుకోవడం రెండోది. సామానుతో సహా నెలల లెక్కన అద్దెకిచ్చే కంపెనీల గదులు మూడోది. ఈ మూడోదానికి అద్దె ఎక్కువే, కానీ కాగితాలు సరిగ్గా ఇస్తారు. తల్లిదండ్రులకి నేను చెప్పేదేమంటే, ఆ ఎక్కువ డబ్బుని దండగ అనుకోవద్దు. మొదటి మూడు నెలలే కదా. మొదటి రెండు దారుల్లో గదులకి వేగే-గెజూఖ్ట్, క్లైన్‌ఆన్‌సైగెన్ అనే వెబ్‌సైట్లు చూస్తారు. ఒక మనిషి తన అద్దె గదిని మీకు అద్దెకిస్తుంటే అసలు ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం చూపించమనండి. ఒప్పుకోకుండా ఇస్తే రేపు ఇద్దర్నీ ఖాళీ చేయించొచ్చు.

హైదరాబాదు హాస్టల్లో లాగా ఒక గదిలో నలుగురు మంచాలేసుకుని పడుకుంటాం, అద్దె పంచుకుంటాం అంటే అక్కడ సాగదు. ఇంట్లో ఎంతమంది ఉంటారో ఓనరుకి తెలియాలి.

డబ్బు లెక్క ఇక్కడే వేసుకోండి. బ్లాక్డ్ అకౌంటులో 2024 సెప్టెంబరు నుంచి నెలకి 992 యూరోల లెక్కన ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. బెర్లిన్‌లో కలిసుండే ఇంట్లో ఒక గదికి 600, 700 యూరోలు అడగడం మామూలైపోయింది. మిగిలిన దాంట్లో హెల్త్ ఇన్సూరెన్సు, ఫోను, తిండి. డిపాజిట్ దీంట్లోంచి తీయలేరు, అది విడిగా ఉండాలి. ఖాతా తెరవడానికి వారాలు పడుతుంది కాబట్టి మొదటి రెండు నెలల ఖర్చు ఫారెక్స్ కార్డులో వేసుకుని వెళ్లండి.

ముందే డబ్బు అడిగితే

మోసం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ఫొటోల్లో ఇల్లు అద్దంలా మెరుస్తుంటుంది, సెంటర్లో ఉంటుంది, అద్దె మాత్రం చుట్టుపక్కల ఇళ్లలో సగం. ఓనరు 'ఉద్యోగం మీద వేరే దేశంలో ఉన్నాను, ఇల్లు చూపించడానికి రాలేను, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి' అని ఎంతో మర్యాదగా రాస్తాడు. నమ్మకం కోసం తన పాస్‌పోర్టు కాపీ పంపుతాడు. ఆ పాస్‌పోర్టు ఇంతకుముందు మోసపోయిన ఇంకెవరిదో అయి ఉంటుంది. మన వైపు పిల్లాడొకడు సరిగ్గా ఇలాంటి మెయిల్ పట్టుకుని, వాళ్ల నాన్నని బ్యాంకుకి తీసుకెళ్తూ దారిలో మా ఇంటి దగ్గర ఆగాడు. ఆ మెయిల్లోంచి ఒక ఫొటో తీసి గూగుల్‌లో వెతికితే అది ఇంకో దేశంలోని హోటల్ గది. వాళ్లు ఇంటికి వెనక్కి వెళ్లిపోయారు.

ఇల్లు మీరో, మీరు నమ్మిన మనిషో కళ్లారా చూడకుండా, అగ్రిమెంటు మీద సంతకాలు కాకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు. ఇల్లు చూపించడానికే ఫీజు అడిగితే అదీ మోసమే. బ్రోకరు ఫీజు మిమ్మల్ని కట్టమంటే 2015 జూన్ నుంచి ఉన్న చట్టం గుర్తుంచుకోండి: అద్దె ఇళ్లకి బ్రోకరుని ఎవరు పిలిపించుకుంటే వాళ్లే ఫీజు కట్టాలి. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకి మీరు ఇవ్వక్కర్లేదు. మీ పాస్‌పోర్టు కాపీ ఎవరికైనా పంపాల్సి వస్తే దాని మీద అడ్డంగా 'ఫలానా ఇంటి అప్లికేషన్ కోసం మాత్రమే' అని, తేదీతో సహా రాసి పంపండి.

పోస్టు డబ్బా మీద పేరు

ఇది చిన్న విషయంలా కనపడుతుంది. దీనివల్లే మన పిల్లల ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్సు కార్డు, బ్యాంకు పిన్ను వెనక్కి పోతుంటాయి. బెర్లిన్ అపార్ట్‌మెంట్లకి మన ఫ్లాట్ నంబర్ 302 లాంటిది మామూలుగా ఉండదు. వీధి పేరు, బిల్డింగు నంబరు, అంతే. గేటు లోపల వరసగా ఇనుప డబ్బాలుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటిపేరు. పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసి వేస్తాడు. పేరు లేకపోతే 'ఈ అడ్రసులో ఇలాంటివారు లేరు' అని వెనక్కి పంపేస్తాడు. మన వీధిలో అయితే పక్కింటాయన తీసి పెడతాడు. అక్కడ అది జరగదు.

కాబట్టి దిగిన రోజే, సూట్‌కేసు విప్పకముందే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే స్పెల్లింగుతో చీటీ రాసి డబ్బా మీద, కింద కాలింగ్ బెల్ మీద అంటించండి. ఇంట్లో అందరూ పిలిచే పేరు రాస్తే పనికిరాదు. శాశ్వతమైన పేరుపలక ఓనరు చేయించేదాకా టేపుతో అంటించిన కాగితం చాలు, వర్షానికి తడవకుండా చూసుకోండి. ఇంకొకరి గదిలో తాత్కాలికంగా ఉంటుంటే అడ్రసు ఇచ్చేటప్పుడు మీ పేరు కింద 'కేరాఫ్' అని డబ్బా మీదున్న వాళ్ల ఇంటిపేరు రాయండి.

రెండో ఇల్లు

మూడు నెలల జీతం స్లిప్పులో, చదువుకునేవాళ్లైతే యూనివర్సిటీ కాగితం, బ్లాక్డ్ అకౌంటు కాగితమో చేతికొచ్చాక అసలు వేట మొదలవుతుంది. ఓనర్లు షూఫా అని ఒక రిపోర్టు అడుగుతారు. మీరు అప్పులు సరిగ్గా కడతారా లేదా అని అందులో ఉంటుంది, మన సిబిల్ లాంటిది. కొత్తగా వచ్చినవాళ్లకి అందులో పెద్దగా ఏమీ ఉండదు, అయినా తీసి పెట్టుకోండి. దాంతో పాటు ఉద్యోగం అగ్రిమెంటు, పాత ఓనరు 'అద్దె బాకీ లేదు' అని రాసిచ్చిన కాగితం, అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి ఫోన్లో ఉంచుకోండి. ఇల్లు చూసిన చోటే, మెట్లు దిగకముందే పంపినవాళ్లకి ఇల్లు దక్కిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇమ్మోస్కౌట్24 లాంటి యాప్‌లో అలర్ట్ పెట్టుకుని, ఇల్లు కనపడిన నిమిషాల్లోనే రాయాలి. రాసేది జర్మన్‌లో, నాలుగైదు వాక్యాల్లో. పేరు, ఏం చేస్తారు, ఎక్కడ, నెలకి ఎంత వస్తుంది, ఎంతమంది ఉంటారు, సిగరెట్ తాగరు, కుక్క లేదు, ఏ రోజుల్లో వచ్చి చూడగలరు. ముందు జర్మన్‌లో అందరికీ సరిపడే మెసేజ్ ఒకటి తయారు చేసుకుని, ఒక్కో ఇంటికీ ఒక వాక్యం మార్చండి. 'మీ ఇల్లు నా ఆఫీసుకి దగ్గర' అనో, 'పక్కనే పార్కు ఉంది' అనో. చదివారని వాళ్లకి తెలియాలి.

చాలామంది మనవాళ్లు చూడని చోటు ఒకటుంది. బెర్లిన్ ప్రభుత్వానికే సొంతమైన హౌసింగ్ కంపెనీలు ఆరున్నాయి: డెగెవో, గెజోబావ్, గెవోబాగ్, హోవోగె, ష్టాట్ ఉంట్ లాండ్, వేబేఎమ్. వీటి ఇళ్లన్నీ ఇన్-బెర్లిన్-వోనెన్ అనే ఒకే సైటులో కనపడతాయి. అద్దె న్యాయంగా ఉంటుంది, మోసం భయం ఉండదు. కొన్ని ఇళ్లకి తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రత్యేక సర్టిఫికెట్ కావాలి, మిగతావాటికి ఎవరైనా అప్లై చేయొచ్చు.

పేట విషయంలో పట్టుదల వద్దు. ఎస్41, ఎస్42 అనే రైళ్లు ఊరి చుట్టూ గంటలో తిరిగొస్తాయి. ఆ గుండ్రం లోపల అందరికీ కావాలి. బయట లిష్టెన్‌బెర్గ్, మార్‌త్సాన్, ష్పాండావ్ వైపు చూడండి. స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగితే చాలు. బెర్లిన్ హద్దు దాటి బెర్నావ్‌కో పోట్స్‌డామ్‌కో వెళ్తే అది వేరే రాష్ట్రం. వీసా ఆఫీసు కూడా మారుతుంది, అది తెలిసి వెళ్లండి.

అద్దె రాసేటప్పుడు రెండు అంకెలుంటాయి. కాల్ట్‌మీటె అంటే ఉత్త ఇంటికి. దాని మీద హీటింగు, నీళ్లు, చెత్త, మెట్లు తుడిచే ఖర్చు కలిపితే వార్మ్‌మీటె. మీ జేబులోంచి పోయేది ఈ రెండోది, కరెంటు, ఇంటర్నెట్ మామూలుగా దానిపైన. ఆ ఖర్చులకి నెలనెలా కట్టేది అంచనా మాత్రమే. ఏడాది చివర లెక్క తేల్చి ఎక్కువ వాడితే ఇంకా కట్టమంటారు, తక్కువైతే తిరిగిస్తారు. 'రెండు గదుల ఇల్లు' అని ఉంటే ఒక బెడ్రూము, ఒక హాలు అని అర్థం. వంటిల్లు, బాత్రూము లెక్కలోకి రావు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటింటి తలుపు తీసి చూడండి. చాలా ఇళ్లలో పొయ్యి ఉండదు, సింకు ఉండదు, గోడలోంచి రెండు గొట్టాలు మాత్రం బయటికొచ్చి ఉంటాయి. సీలింగులో బల్బు ఉండే చోట వైర్లు వేలాడుతుంటాయి. పాతవాళ్లు తమ వంటిల్లు విప్పుకుని తీసుకెళ్లిపోతారు. కొత్తది పెట్టించాలంటే వందల్లోంచి వేలల్లోకి పోతుంది, కాబట్టి ప్రకటనలో వంటిల్లు ఉందని రాసినవాటికే ముందు వెళ్లండి. కర్టెన్ల వెనక, కిటికీ మూలల్లో, బాత్రూము సీలింగులో నల్ల బూజు ఉందేమో చూడండి. కొత్తగా సున్నం వేసిన మూల ఒక్కటే తెల్లగా మెరుస్తుంటే చెయ్యి పెట్టి చూడండి, తేమ తెలుస్తుంది.

తాళాలు చేతికొచ్చే రోజు

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె కంటే ఎక్కువ అడగకూడదు. దాన్ని కూడా మూడు సమానమైన నెలసరి కంతుల్లో కట్టే హక్కు మీకుంది, మొదటిది ఇంట్లో దిగేటప్పుడు. ఈ సంగతి చాలామందికి తెలియక ఒకేసారి అప్పు చేసి కడుతున్నారు.

అగ్రిమెంటులో గడువు తేదీ ఉందా లేదా చూసుకోండి. గడువు రాసిన అగ్రిమెంటుని మామూలుగా మధ్యలో వదల్లేరు. గడువు లేనిదైతే మూడు నెలల నోటీసు ఇవ్వాలి, అదీ కాగితం మీద, సొంత సంతకంతో. మెయిల్లో, వాట్సాప్‌లో ఇస్తే చెల్లదు.

తాళాలు తీసుకునేటప్పుడు ఓనరుతో కలిసి ఇల్లంతా తిరిగి ఒక రిపోర్టు రాస్తారు. తొందరపెడితే కూడా తొందరపడొద్దు. నేల మీద గీత, తలుపుకి సొట్ట, పగిలిన టైలు, అన్నీ అందులో రాయించండి, ఫొటోలు తీయండి. కరెంటు మీటరు ఫొటోలో మీటరు నంబరూ, అంకెలూ రెండూ కనపడాలి. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు డిపాజిట్ వెనక్కి రావడానికి మీ వైపు ఉండే సాక్ష్యం ఇదే.

తాళం పోగొట్టుకోకండి. బిల్డింగు మొత్తానికి ఒకే తాళాల వరస ఉంటే ఒక్క తాళంచెవి పోయినా అన్నీ మార్చాల్సి రావచ్చు. మన పొరపాటుతో ఇంకొకరికి నష్టం జరిగితే కట్టే హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే ఇన్సూరెన్సుకి నెలకి కొద్ది యూరోలే. అద్దె ఇంటి తాళాలకి కూడా వర్తించేది చూసి తీసుకోండి. తలుపు మూసుకుంటే బయటినుంచి చెవి లేకుండా తెరుచుకోదు. చెత్త పారేయడానికి వెళ్లినా చెవి జేబులో ఉండాలి. రెండో చెవి దగ్గర్లోని స్నేహితుల ఇంట్లో పెట్టండి.

ఇంట్లో దిగాక

మన ఊళ్లో ఉక్కపోతకి కిటికీలు తీస్తాం, అక్కడ గడ్డకట్టే చలిలో కూడా తీయాలి. రోజుకి రెండు మూడు సార్లు కిటికీ బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచి మూసేయండి. చలికి భయపడి మూసే ఉంచితే స్నానం ఆవిరి, ఆరేసిన బట్టల తేమ, అన్నం గంజి ఆవిరి అంతా గోడల మీద చేరి బూజు పడుతుంది. ఆ బూజు ఖర్చు డిపాజిట్‌లోంచి కోస్తారు. హీటరు గుండ్రానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలుంటాయి, మూడు మీద పెడితే గది ఇరవై డిగ్రీల దాకా ఉంటుంది. ఐదు మీద పెట్టినంత మాత్రాన తొందరగా వేడెక్కదు.

చేపల పులుసు నిక్షేపంగా వండుకోండి. పోపు వేసే ముందు వంటింటి కిటికీ తెరవండి, మెట్ల వైపు తలుపు మాత్రం మూసి ఉంచండి. వాసన మెట్ల మీదికి పోతే పై ఇంటివాళ్ల నుంచి చీటీ వస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. డ్రిల్లింగు, ఇంట్లో మిక్సీ, వాషింగ్ మెషీన్ లాంటివి ఆ టైముల్లో వద్దు. కింద ఇంటివాళ్లకి దిగిన వారంలోనే వెళ్లి మీ పేరు చెప్పి పలకరించి రండి.

నమోదు అయిన కొన్నాళ్లకి రేడియో, టీవీ చందా కట్టమని ఉత్తరం వస్తుంది. నెలకి 18.36 యూరోలు. టీవీ లేదని పక్కన పడేయొద్దు, ఇంటికి ఒకరు కట్టాలి. కలిసుంటే ఎవరిది నమోదైందో ఆ నంబరు రాసి తిరిగి పంపితే మిగతావాళ్లు కట్టక్కర్లేదు. అద్దెలో, ఖర్చుల లెక్కలో అన్యాయం జరిగిందనిపిస్తే మీటర్‌ఫెరాయిన్ అని అద్దెదారుల సంఘం ఉంది. ఏడాది చందా కడితే వాళ్ల లాయర్లు అగ్రిమెంటు చదివి చెబుతారు.

పండగ రోజు గుడికి వెళ్లాలనిపిస్తే బ్రిట్జ్‌లో మయూరపతి మురుగన్ గుడి ఉంది, శ్రీలంక తమిళులు కట్టుకున్నది. అక్కడ ఖాళీ గదుల కబుర్లు కూడా చెవిన పడుతుంటాయి.

అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లలు ఫోన్ చేసినప్పుడు 'ఇల్లు దొరికిందా' అని రోజూ అడగొద్దు. ఆ ప్రశ్నకి భయపడే కొందరు తొందరపడి డబ్బు కట్టేస్తున్నారు. 'ఆన్‌మెల్డుంగ్ అయిందా, డబ్బా మీద పేరు రాశావా' అని అడగండి. అక్కడ పొద్దున ఎనిమిది అంటే మనకి ఎండాకాలంలో పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. వాళ్లు మెసేజ్‌లు రాసుకునే, అపాయింట్‌మెంట్లు వెతుక్కునే టైము అదే, అది అయ్యాక ఫోన్ చేయండి.